మిగిలినవి సున్నా

కాలేజీ రికార్డుల సెక్షన్‌లో మూడో కౌంటరు వెనక కూర్చునే ఆమెను పిల్లలందరూ క్రెడిట్లక్క అనేవారు. డిగ్రీ చేతికి రావాలంటే నూట ఇరవై క్రెడిట్లు కావాలి. ఎవరికి ఎన్ని వచ్చాయి, ఎన్ని జరుగుతున్నాయి, ఎన్ని మిగిలాయి అని చూసి చెప్పడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. రెండు క్రెడిట్లు తక్కువై వచ్చిన ఉద్యోగం పోతోందని కౌంటరు చెక్క పట్టుకుని ఏడ్చినవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. ఏడిస్తే క్రెడిట్లు రాలవని చెప్పి, ముక్కు తుడుచుకోవడానికి పాత ఫారం ఒకటి ఇచ్చి పంపేది. నోరు కాస్త కటువే గాని లెక్క మాత్రం ఏనాడూ తప్పలేదు.

అంత లెక్క తెలిసిన మనిషికి డిగ్రీ లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, ఇంట్లో సంపాదించేవాళ్ళు లేక మొదటి ఏడాదిలోనే చదువు మానేసి ఈ కుర్చీలో కూర్చుంది. ఆరేళ్ళ కిందట, ముప్పై ఎనిమిదో ఏట, సిగ్గు చంపుకుని అదే కాలేజీలో సాయంత్రం తరగతుల్లో చేరింది. ఇప్పుడు నూట పన్నెండు వచ్చాయి. నాలుగు ఈ టర్మ్‌లో జరుగుతున్నాయి. ఇంకో నాలుగు మిగిలాయి.

ఆ మిగిలిన నాలుగే ఆమె ప్రాణం తోడేస్తున్నాయి. సూపరింటెండెంటు గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఆమెకే ఇవ్వాలని పైవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు పెట్టారు. డిగ్రీ ఉండాలి. "ముప్పై ఒకటో తారీకులోగా నూట ఇరవై చూపించమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు ఆయన. నాలుగు తక్కువకు డిగ్రీ రాదన్న సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. కాబట్టి లోలోపల ఆశ వదిలేసుకుంది. బయటికి మాత్రం "చూద్దాం సార్" అంటూ వచ్చింది.

ప్రతి సోమవారం పొద్దున, పిల్లలు రాకముందు, ఆమె తన షీటు ఒకసారి తెరిచి చూసుకునేది. మారదని తెలిసినా చూసుకునేది. ఆ సోమవారం తెరిచేసరికి ఇలా ఉంది: వచ్చినవి నూట పన్నెండు. జరుగుతున్నవి ఎనిమిది. మిగిలినవి సున్నా.

ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. సున్నాయే. జరుగుతున్నవాటిలో తనకు తెలిసిన కోర్సు ఒకటి. రెండోది వృక్షశాస్త్రం ప్రయోగాలు, నాలుగు క్రెడిట్లు, రిపీట్. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర వరకు తరగతి. హాజరు ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది. ఇంటర్నల్ మార్కులు ఇరవైకి పంతొమ్మిది. ఆమె జన్మలో వృక్షశాస్త్రం చదవలేదు. కుండీలో మొక్క నాటితే మూడో రోజుకు చచ్చే చెయ్యి ఆమెది.

ఎవరో తప్పు నంబరు కొట్టారు, అంతే. ఇలాంటివి ఆమె వందలు పట్టుకుంది. పిల్లల షీటులో ఇలాంటిది కనిపిస్తే ఆ నిమిషమే కొట్టేసి, "నీది కానిది నీకెందుకు నాన్నా" అని ఒక మాట కూడా వడ్డించేది. ఇప్పుడు చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. కొట్టేస్తే మిగిలినవి నాలుగు. ఊరుకుంటే నెలాఖరుకు నూట ఇరవై. ఆమె షీటు మూసేసి మొదటి పిల్లవాణ్ణి రమ్మంది. మధ్యాహ్నం దాకా ఎవరినీ తిట్టలేదని పక్క కౌంటరు గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచి ముందు పెట్టింది.

"ఇదేంటో చెప్పు."

"డబ్బా."

"అది నాకూ తెలుసు. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండు నెలలుగా ఇదే వరస. ఇన్నాళ్ళు నోరు మూసుకున్నా. నా వంట నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, పొద్దున్నే లేచి చేసే చాకిరీ తప్పుతుంది."

"నేను రోజూ తింటూనే ఉన్నా కదమ్మా."

"మరి ఇది ఎవరు తినాల్సింది?"

ఇవాళ మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తిన్నాను అని కూతురు ఆలోచించింది. పన్నెండున్నర గంట మోగడం గుర్తుంది. కుర్చీ వెనక్కి జరపడం గుర్తుంది. ఒకటిన్నర గంట మోగడం గుర్తుంది. ఆ రెండు మోతలకూ మధ్య ఏమీ లేదు. నిన్నటిది గుర్తు చేసుకుంది. మొన్నటిది గుర్తు చేసుకుంది. ఎక్కడా ఏమీ లేదు. అమ్మ ముందు మాత్రం "పని ఎక్కువగా ఉందమ్మా" అని ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బోటనీ సార్ దగ్గరికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా అదే ల్యాబులో పాఠం చెబుతున్న మనిషి. హాజరు పిలిచేటప్పుడు తల ఎత్తడు, పాఠం చెప్పేటప్పుడు ఆకు మీంచి కళ్ళు తీయడు.

"సార్, మీ లిస్టులో నా నంబరు ఎలా వచ్చిందో కనుక్కుందామని వచ్చా."

"ఎలా రావడమేంటమ్మా? రోజూ వస్తున్నారుగా. వెనక బెంచీ, కిటికీ పక్కన. బొమ్మలు బాగా వేస్తున్నారు. ఈ వయసులో అంత శ్రద్ధ నాకైతే ముచ్చటేసింది."

"నేనా సార్?"

ఆయన ఆమె వంక అనుమానంగా చూసి, హాజరు సంతకాల పుస్తకం తెరిచి ఆమె వైపు తిప్పాడు. వరసగా ముప్పై తొమ్మిది సంతకాలు. నిన్నటిది కూడా ఉంది. అన్నీ తెలుగులోనే. ఆమె పేరే. కాకపోతే రెండో అక్షరానికి దీర్ఘం ఉంది.

ఆమె పేరులో దీర్ఘం లేదు. దీర్ఘం ఉన్నది చెల్లెలి పేరు.

వాళ్ళ నాన్న బోర్డులు రాసే పెయింటరు. అక్షరానికి ఇంతని తీసుకునేవాడు, దీర్ఘాలు మాత్రం ఊరికే వేసేవాడు. పెద్దది పుట్టినప్పుడు ఒక పేరు పెట్టి, నాలుగేళ్ళకు చిన్నది పుట్టినప్పుడు అదే పేరుకు రెండో అక్షరం మీద దీర్ఘం లాగాడు. "కొత్త పేరెందుకు, దీర్ఘం ఊరికే వస్తుంది కదా" అని నవ్వేవాడు. అమ్మ కోప్పడితే, "పిచ్చిదానా, దీర్ఘం అంటే దీర్ఘాయుష్షు" అనేవాడు. తెలుగులో రాస్తే ఇద్దరూ వేరు, పిలిస్తే ఇద్దరూ వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మాత్రం ఇద్దరూ ఒక్కరే. ఇంటిపేరు కూడా ఒకటే కాబట్టి ఉత్తరాలు, రేషను కార్డు, ఆసుపత్రి చీటీ అన్నీ తారుమారయ్యేవి. ఆ జోకు ఎంత తప్పో తెలిసే రోజుకు ఆయన లేడు. నిచ్చెన మీంచి పడి అంతకుముందే పోయాడు. ఆ ఒక్క విషయంలో అదృష్టవంతుడు.

అక్క చదువు మానేసి సంపాదిస్తే చెల్లెలు చదివింది. ఈ కాలేజీలోనే వృక్షశాస్త్రం. చివరి టర్మ్‌కు నూట పదహారు వచ్చేశాయి, ప్రయోగాల కోర్సు నాలుగు క్రెడిట్లు మిగిలాయి. రికార్డు పుస్తకం నిండా బొమ్మలు వేసి, అట్ట కట్టి, అక్క చేతిలో పెట్టింది. "నువ్వు ఆఫీసులోనే ఉంటావు కదక్కా, వెళ్ళేటప్పుడు సార్ బల్ల మీద పెట్టెయ్" అంది. అక్క దాన్ని తన సొరుగులో పెట్టింది. అడ్మిషన్ల రోజులు, కౌంటరు ముందు ఇసుక వేస్తే రాలని జనం. మళ్ళీ సొరుగు తెరిచి చూసేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. కాళ్ళావేళ్ళా పడినా ఎవరూ వినలేదు. వచ్చే టర్మ్‌లో మళ్ళీ మొదటి నుంచి రిపీట్ చెయ్యమన్నారు.

"పోన్లే అక్కా, ఆరు నెలలేగా" అంది చెల్లెలు. ఆ ఆరు నెలల్లో రెండో నెలలో జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయింది. జ్వరానికీ రికార్డుకూ సంబంధం లేదని అక్కకు తెలుసు. అయినా పంతొమ్మిదేళ్ళుగా ఆ సొరుగు వాడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. చనిపోయిన విద్యార్థుల ఫైలు మూయడానికి ఒక కోడు ఉంటుంది. అందరి ఫైళ్ళకూ అది కొట్టిన చెయ్యి చెల్లెలి ఫైలు దగ్గర ఆగింది. కొట్టలేక "చదువు ఆపినవారు" అన్న వరసలో వదిలేసింది. అంటే కాలేజీ లెక్కలో ఆ పిల్ల చావలేదు. మానేసింది, అంతే.

బోటనీ సార్ గదిలోంచి తన కుర్చీ దాకా నడిచేలోపే ఆమెకు లెక్క తెలిసిపోయింది. ఈ టర్మ్ మొదట్లో పాత రిజిస్టర్లన్నీ కొత్త కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించినవాళ్ళకు దీర్ఘాలతో పని లేదు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఇంటి నంబరు చూసి రెండు ఫైళ్ళనూ ఒకటిగా కలిపేశారు. చెల్లెలి ఫైల్లో పాతవన్నీ అడుగున పడిపోయి, ఎప్పుడో పెండింగ్‌లో ఉన్న రిపీట్ ఒక్కటి పైకి తేలింది. పెండింగ్ ఉంటే క్లాసు లిస్టులో నంబరు దానంతటదే వస్తుంది. నంబరు వచ్చింది. సార్ పిలిచాడు. పిలిస్తే పిల్ల పలికింది.

బుధవారం ఆమె పట్టుదలగా కూర్చుంది. పన్నెండుంపావుకే డబ్బా తెరిచి ముందు పెట్టుకుంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని గోడ గడియారం మీంచి కళ్ళు తిప్పలేదు. పన్నెండూ ఇరవై ఎనిమిది. పన్నెండూ ఇరవై తొమ్మిది. గంట మోగింది.

గంట మోగింది. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. డబ్బాలో తిండి చల్లారి ఉంది. ఆమె కుడిచేతి గోళ్ళలో ఆకుపచ్చ పసరు ఉంది. చూపుడు వేలి పక్కన పెన్సిలు మరక ఉంది. ఆమె బాత్రూముకు పోయి పావుగంట చేతులు రుద్దుకుంది.

ఆ సాయంత్రం భయం దాచుకోలేక, పొద్దున తీయించుకున్న హాజరు పుస్తకం పేజీ జిరాక్సు అమ్మకు చూపించింది. ఏమీ చెప్పకుండా చేతికిచ్చింది. అమ్మ దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"చిన్నదాని సంతకం. దీర్ఘం అంత బారుగా అదొక్కతే లాగేది." అంది అమ్మ. "ఎప్పటిది?"

"నిన్నటిదాకా."

అమ్మ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. పొద్దున డబ్బాలో కూర మారింది. చిన్నదానికి ప్రాణమైన కూర అది. పెద్దదానికి తింటే ఒళ్ళంతా దురద. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆ కూర వండలేదు.

ఆ సాయంత్రం డబ్బా కడిగినంత శుభ్రంగా ఖాళీగా వచ్చింది. ఒంట్లో దురద లేదు. అమ్మ ఖాళీ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో అంత వెలుగు కూతురు ఎన్నో ఏళ్ళుగా చూడలేదు.

"రేపు కూడా అదే వండనా?" అని అడిగింది అమ్మ.

ఆ మాట ఎవరిని అడిగిందో పెద్దకూతురికి తెలియలేదు. చచ్చిన కూతురికి తిండి పెట్టగలిగినందుకు అమ్మ పొంగిపోతోంది. ఆ తిండి ఎవరి నోట్లోంచి పోతోందన్న ఆలోచన ఆమెకు రాలేదు, లేదా వచ్చినా పట్టించుకోలేదు. పెద్దకూతురికి భయం వేసింది. దానికంటే ఎక్కువగా అసూయ కలిగింది.

శుక్రవారం గంటకు ముందే, పన్నెండుంపావుకే, తెలివిలో ఉండగానే తన కాళ్ళతో తానే ల్యాబుకు నడిచింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. వెనక బెంచీలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుంది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. బల్ల మీద గాజు మూతల కింద ఆకులున్నాయి. పక్కనున్న అమ్మాయి చనువుగా పెన్సిలు చెక్కే బ్లేడు తీసుకుని, "ఇవాళ ఏంటి, ముందే వచ్చేశావ్?" అంది. కౌంటరు దగ్గర ఆమెను "మేడమ్ మేడమ్" అని బతిమాలే పిల్లే అది.

గంట మోగింది. ఈసారి ఆమెకు తెలివి తప్పలేదు. చూడాలని వచ్చింది కాబట్టి చూడనిచ్చినట్టుంది.

బోటనీ సార్ తల ఎత్తకుండా నంబర్లు పిలుస్తున్నాడు. "ప్రెజెంట్ సార్", "ప్రెజెంట్ సార్" అంటున్నారు పిల్లలు. ఆమె చీర కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. పళ్ళతో గట్టిగా పట్టుకుంది. తన నంబరు వచ్చింది.

"ఉన్నాను సార్."

చెల్లెలు ఎప్పుడూ అలాగే అనేది. ప్రెజెంట్ అంటే నోరు తిరగదని కాదు, తెలుగు మాట ఉండగా అదెందుకని వాదించేది. చిన్నప్పుడు అక్క బడిలో ఆటపట్టిస్తే కూడా మానలేదు. ఆ గొంతు ఇప్పుడు కాస్త బొంగురుగా, నవ్వు ఆపుకుంటున్నట్టు, గది చివరిదాకా వినిపించింది. కొంగు నోట్లోనే ఉంది. పళ్ళ పట్టు సడలలేదు. మాట మాత్రం తన రొమ్ములోంచి కదిలి వచ్చిందని ఆమెకు తెలుస్తోంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నలభై రెండు రోజులుగా వింటున్న మాట కదా, వింత ఏముంది.

తర్వాత ఆమె కుడిచెయ్యి పెన్సిలు తీసుకుంది. గంటసేపు ఆ చెయ్యి బొమ్మ వేస్తూ ఉంటే ఆమె దాన్ని పక్కింటివాళ్ళ చేతిలా చూస్తూ కూర్చుంది. ఆకు అడుగున ఉండే సన్నని నరాలు ఒక్కొక్కటీ కాగితం మీదికి వచ్చాయి. నరం నరానికీ పేరు రాసింది. ఎంత ఆరాటంగా రాసిందంటే, ఆలస్యం చేస్తే ఎవరో లాక్కుంటారన్నట్టు రాసింది. అది చూసి ఆమెకు గుండె చెరువైంది. కొంగు నోట్లోంచి తీసి ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

సోమవారం నలభై ఐదో తరగతి అయింది. బుధవారం సాయంత్రం అయిదింటికి రికార్డు ఇవ్వాలి. మంగళవారం నుంచే ఆమె కాళ్ళు కాలిన పిల్లిలా తిరిగింది. తన సంచి వెతికింది, బల్ల వెతికింది, పంతొమ్మిదేళ్ళు ముట్టని సొరుగు కూడా తెరిచి వెతికింది. పుస్తకం దొరికితే ఈసారి పరుగెత్తుకెళ్ళి ఇస్తుంది. అంతకంటే ఆమె కోరిక ఏమీ లేదు. ఎక్కడా దొరకలేదు. చివరికి నాలుగున్నరకు ఆయాసపడుతూ బోటనీ సార్ దగ్గరికి వెళ్ళింది.

"ఇచ్చేశారుగా అమ్మా. నిన్న లంచ్‌లో మీరే తెచ్చారు. బల్ల మీద పెట్టండి అంటే వినలేదు. నా చేతికే ఇచ్చి, సంతకం పెట్టించుకుని మరీ వెళ్ళారు."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఈసారి అక్క చేతికి ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, చెల్లెలు కూడా అనలేదు. ఇది ఆ మాట.

ఇరవై ఆరో తారీకున షీటులో వచ్చినవి నూట ఇరవై అయ్యాయి. సూపరింటెండెంటు గారు చూసి స్వయంగా టీ తెప్పించారు. "నాకు తెలుసమ్మా, నువ్వు సాధిస్తావని. నా కుర్చీకి దిండు కూడా వదిలేసి పోతా, నడుం నొప్పికి మంచిది" అన్నారు. ఆమె టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, సవరణ మెమో ఆయన ముందు పెట్టింది. ఈ షీటులో నాలుగు క్రెడిట్లు తనవి కావని, రెండు ఫైళ్ళనూ విడదీసి ఫలానా నంబరు విద్యార్థినికి అవి చేర్చాలని రాసి ఉంది.

"ఈ నంబరు ఎవరిది?"

"మా చెల్లెలిది సార్."

ఆయన కళ్ళజోడు తీశారు. "మీ చెల్లెలు పోయి ఎన్నేళ్ళయింది తల్లీ? నేనూ వచ్చాను కదా ఆ రోజు."

"రికార్డులో పోలేదు సార్."

"పోనీ, రికార్డులోనే ఉందనుకో. ఆ క్రెడిట్లు ఆ పిల్లకెందుకు? నీకు కావాలి. అయిదు రోజుల్లో కావాలి."

"ఆ క్లాసులు నేను వినలేదు సార్."

"వినకపోతే ఏంటమ్మా? విననివాళ్ళకేగా ఇన్నేళ్ళూ ఇస్తున్నాం డిగ్రీలు."

ఆమె హాజరు పుస్తకం జిరాక్సు ఇంకోటి తీసి ముందు పెట్టింది. ఆయన సంతకాలు చూశారు, దీర్ఘం చూశారు, తారీకులు చూశారు. తర్వాత ఆమె ముఖంలోకి చూడడం మానేసి కలం తీశారు. "నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు. పోయేవాణ్ణి, సంతకం పెట్టి పోతా" అన్నారు.

ఆమె తన చేత్తోనే ఫైళ్ళు విడదీసింది. తన షీటులో వచ్చినవి నూట పదహారు, మిగిలినవి నాలుగు. చెల్లెలి షీటులో వచ్చినవి నూట ఇరవై, మిగిలినవి సున్నా. పై మూలన "చదువు ఆపినవారు" అన్న మాట పోయి "పూర్తి చేసినవారు" అని వచ్చింది. చేతిలో ఉన్న కుర్చీ పోయిందన్న బాధ ఉంది గాని, అది అనుకున్నంత లేదు. పట్టా ప్రింటయి వచ్చిన రోజు దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టింది. పట్టాలో పేరు మీద అమ్మ వేలు పెట్టి రెండో అక్షరం దగ్గర ఆపింది.

"ఇక రాదా?" అంది అమ్మ.

"చదువైపోయిన పిల్ల కాలేజీకి ఎందుకొస్తుందమ్మా?"

"నువ్వే పంపేశావు" అంది అమ్మ. తర్వాత వారం రోజులు పెద్దకూతురితో మాట్లాడలేదు.

ఒకటో తారీకున బయటి నుంచి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. రిపీట్ అంటే ఏమిటో, పెండింగ్ అంటే ఏమిటో ఆమే అతనికి నేర్పింది. మధ్యాహ్నం గంటలు ఆమెకు తిరిగి వచ్చాయి. పన్నెండున్నరకూ ఒకటిన్నరకూ మధ్య ప్రతి నిమిషం గుర్తుండేది. ఒక్కతే కూర్చుని తింటూ ఆ గంట ఎంత పొడుగుదో అని అనుకునేది. చెల్లెలు లేని పంతొమ్మిదేళ్ళలో ఏడవనంత ఏడుపు ఆ రెండు వారాల్లో ఏడ్చింది. భయపడిన రోజులే బాగున్నాయని తనకు తానే ఒప్పుకుంది.

పధ్నాలుగో తారీకు పై చదువుల దరఖాస్తులకు ఆఖరు రోజు. పొద్దున్నుంచీ కౌంటరు ముందు బారు తగ్గలేదు. పన్నెండుంపావుకు కాస్త సందు దొరికి, తన ముందున్న ట్రేలో కాగితాలు సర్దుతుంటే అడుగున ఒక దరఖాస్తు కనిపించింది. వృక్షశాస్త్రంలో పీజీ. పెన్సిలుతో గీతలు గీసుకుని, వాటి మీద ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. పేరులో రెండో అక్షరానికి బారుగా దీర్ఘం ఉంది.

ఆమె దాన్ని అలవాటుగా పై నుంచి కిందికి సరిచూసింది. డిగ్రీ పూర్తయింది. క్రెడిట్లు నూట ఇరవై. అర్హత ఉంది. వ్యవధి రెండేళ్ళు. తరగతులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు. ప్రస్తుతం ఉద్యోగం చేస్తున్నారా అన్న చోట "లేదు" అని రాసి ఉంది. సంరక్షకుల పేరు అన్న చోట "అక్క" అని ఉంది. దాని పక్కన సంరక్షకుల సంతకానికి ఖాళీ వదిలి ఉంది.

తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర. ఇదివరకు రోజుకు ఒక గంట పోయేది, ఇప్పుడు రోజే పోతుంది. ఉద్యోగం పోతుంది. తనకు మిగిలిన నాలుగు క్రెడిట్లు ఎప్పటికో, అసలు తనంటూ ఉంటుందో లేదో. దరఖాస్తును తిరస్కరించడానికి ఏదైనా లోపం ఉందా అని ఆమె రెండోసారి వెతికింది. పిల్లల కాగితాల్లో ఇట్టే తప్పులు పట్టే కళ్ళకు ఒక్కటీ దొరకలేదు. సంతకం లేకపోతే మాత్రం ఇవాళ సాయంత్రం అయిదింటికి అది దానంతటదే చెల్లకుండా పోతుంది. ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. సొరుగులో పెట్టి ఊరుకుంటే చాలు.

గడియారం పన్నెండూ ఇరవై రెండు చూపిస్తోంది. గంట మోగడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. ఆ ఎనిమిది నిమిషాలూ చెయ్యి తనదే, నిర్ణయం తనదే. అది తెలిసే చెల్లెలు దీన్ని ఇక్కడ పెట్టింది. రికార్డు సార్ చేతికే ఇచ్చి సంతకం పెట్టించుకున్న పిల్ల, దీన్ని మళ్ళీ అక్క చేతికే ఇచ్చింది.

"దాని తస్సాదియ్యా, ఎంత నమ్మకం" అనుకుంది ఆమె. నవ్వొచ్చింది.

ఆమె కలం తీసి సంతకం పెట్టింది. కౌంటరు మీద "మళ్ళీ రండి" అన్న పలక నిలబెట్టి, దరఖాస్తు పట్టుకుని అడ్మిషన్ల గదికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. ఆమె వినలేదు. అతని చేతికే ఇచ్చి, ముద్ర వేయించి, రసీదు తీసుకుంది. రసీదు మీద టైము చూసుకుంది. పన్నెండూ ఇరవై తొమ్మిది.